కులం – రంగు (4): గుండె మారిందా, లెక్క మారిందా?



"అమెరికాలో నల్లవాళ్ళది ఎంత పెద్ద మనసండీ! తమని తొక్కినవాళ్ళని కూడా క్షమించేశారు. మన దగ్గరే ఇంకా పాత గాయాలు కెలుక్కుంటూ కూర్చున్నారు."

ఈ మాట స్టాఫ్ రూముల్లో విన్నాను. పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. డాలస్ నుంచి సెలవులకొచ్చినవాళ్ళ నోట విన్నాను. "మన దగ్గరే" అంటే ఎవరి సంగతో విడమర్చి చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. మాట అనేసి ఒక్క క్షణం నా వైపు చూస్తారు, అంతే.

సరే, ఆ క్షమ సంగతే చూద్దాం. అమెరికాలో బాగా చెప్పుకునే క్షమ కథల్లో ఒకటి జార్జ్ వాలెస్ కథ. అలబామా రాష్ట్రానికి నాలుగుసార్లు గవర్నరుగా ఎన్నికైనవాడు. అక్కడ గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నరు కాదు, జనం ఓట్లేసి ఎన్నుకునే మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివాడు. నల్లవాళ్ళని తెల్లవాళ్ళ బడుల్లోకి రానివ్వనని యూనివర్సిటీ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత ఎవరో తుపాకీతో కాలిస్తే నడుము కింద పడిపోయింది. చక్రాల కుర్చీలో నల్లవాళ్ళ చర్చికి వెళ్ళి తప్పయిందన్నాడు. వాళ్ళు క్షమించారు, ఓట్లు కూడా వేశారు. కథ కంచికి, మనం ఇంటికి.

తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ చేసిన నాకు ఈ కథ కొత్త కాదు. మన సంస్కరణవాద కథల్లో, నాటకాల్లో ఇలాంటి ముగింపులు కావలసినన్ని చదివాను. పాఠాలు కూడా చెప్పాను. పెద్దమనిషికి చివరి ప్రకరణంలో 'హృదయ పరివర్తన' కలుగుతుంది. ఆయన కళ్ళు తుడుచుకుంటాడు, చదివేవాడు కళ్ళు తుడుచుకుంటాడు. వాడలో మనిషికి భూమి వచ్చిందా, బావిలో నీళ్ళు వచ్చాయా అని ఎవరూ అడగరు. కథ నడిచినంతసేపూ వెలుగు పెద్దమనిషి మొహం మీదే ఉంటుంది. మనం పక్కన చీకట్లో దీపం పట్టుకుని నిలబడతాం.

అందుకే వాలెస్ కథని నేను తేదీలు పెట్టి చెప్తాను. అతని గుండెలో ఏముందో నాకక్కర్లేదు. ఏ ఏడాది ఏ ఓటు ఎవరి చేతిలో ఉందో అది చూద్దాం.

'మిస్టర్' అన్న జడ్జి

వాలెస్ 1919లో అలబామాలోని క్లయో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కుర్రతనంలో బాక్సింగ్ ఛాంపియన్. లా చదివాడు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద బాంబులేసిన విమానాల్లో పనిచేశాడు, తిరిగొచ్చి రాజకీయాల్లోకి దిగాడు. ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. మొదట్లో అతను జాతి ద్వేషం అమ్ముకున్న మనిషి కాదు. 1948లో పౌరహక్కుల విషయం మీద దక్షిణాది డెమోక్రాట్లు పార్టీ మహాసభ నుంచి వాకౌట్ చేస్తే, అతను వాళ్ళతో వెళ్ళలేదు. నల్లవాళ్ళ విద్యాసంస్థ టస్కీగీకి ట్రస్టీగా ఉన్నాడు.

జడ్జిగా ఉన్న రోజుల గురించి జె.ఎల్. చెస్ట్‌నట్ అనే నల్లజాతి లాయరు తర్వాత చెప్పాడు: కోర్టులో తనని మొదటిసారి 'మిస్టర్' అని పిలిచిన జడ్జి జార్జ్ వాలెస్సేనని.

ఆ 'మిస్టర్' విలువ ఏంటో మనకి తెలుసు. అక్కడ తెల్లవాడు నల్లవాణ్ణి ఎంత ముసలివాడైనా 'బోయ్' అనే పిలిచేవాడు. ఇక్కడ డెబ్బై ఏళ్ళ తాతని పదేళ్ళ దొర కొడుకు 'ఒరేయ్' అన్నాడు. 'గారు' అనే రెండక్షరాల కోసం మన పెద్దలు ఎన్ని తరాలు ఎదురుచూశారో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అంటే వాలెస్‌కి తెలుసు. ఎదుటివాడు మనిషేనని, లాయరేనని, గౌరవించాలని తెలుసు. తెలియక చేశాడని అనడానికి ఇక వీల్లేదు.

1958: మొదటి లెక్క

1958లో గవర్నరు పదవి కోసం డెమోక్రటిక్ ప్రైమరీలో నిలబడ్డాడు. ప్రైమరీ అంటే పార్టీ లోపలి ఎన్నిక. అప్పట్లో అలబామాలో ఆ పార్టీ టికెట్టు వచ్చిందంటే గెలిచినట్టే. ఎదుటి అభ్యర్థి జాన్ ప్యాటర్సన్‌కి కూ క్లక్స్ క్లాన్ మద్దతిచ్చింది. నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. వాలెస్‌ని సమర్థించింది. వాలెస్ ఓడిపోయాడు.

జాతి ద్వేషం మాట్లాడటంలో ఇంకెప్పుడూ ఎవరికీ తీసిపోనని ఓడిపోయాక తన మనుషులతో అన్నాడని ప్రచారంలో ఉంది. ఆ మాట తను అనలేదని అతను తర్వాత చెప్పుకున్నాడు. అన్నాడా లేదా అని చరిత్రకారులు వాదించుకోనివ్వండి. చేసింది మాత్రం అదే. అందులో వాదన లేదు. నాలుగేళ్ళ తర్వాత 1962లో అదే అభ్యర్థి క్లాన్ భాష మాట్లాడి భారీగా గెలిచాడు.

ఇక్కడ ఆగి చూడండి. నాలుగేళ్ళలో అతని గుండెలోకి కొత్తగా ద్వేషం వచ్చి చేరిందా? చేరలేదు. అతను చూసింది ఓటర్ల జాబితా. 1901 నాటి అలబామా రాజ్యాంగం నల్లవాళ్ళని ఓటుకి దూరం పెట్టడానికే రాసింది. పోల్ టాక్స్, చదువు పరీక్ష, రిజిస్ట్రారు ఇష్టాయిష్టాలు, ఇన్ని కంచెలు. సెల్మా ఊరున్న డల్లాస్ కౌంటీలో సుమారు 15,000 మంది నల్లవాళ్ళకి ఓటు వయసుంటే, 1965 మొదట్లో కూడా జాబితాలో ఉన్నవాళ్ళు కొన్ని వందలే. ఓటు లేనివాడి తరఫున నిలబడితే ఓడిపోతారు. ఓటున్నవాడి ద్వేషానికి గొంతిస్తే గెలుస్తారు. ఇదే వాలెస్ నేర్చుకున్న పాఠం.

"ఆయన మనసులో ఏమీ లేదండీ, రాజకీయం కోసం అన్నాడు" అని అతని తరఫువాళ్ళు ఇప్పటికీ అంటారు. మనకీ ఈ మాట అలవాటే. "మా నాయకుడికి కులం పట్టింపు లేదండీ, ఎన్నికలప్పుడు అలా మాట్లాడాలి కదా." నా దృష్టిలో ఇది సమర్థన కాదు, అసలు నేరారోపణే ఇది. నిజంగా ద్వేషించేవాడు కనీసం తను నమ్మింది చేస్తున్నాడు. నమ్మకుండానే, ఎదుటివాడు మనిషని తెలిసి కూడా, అతని ప్రాణాన్ని ఓట్ల కింద మార్చుకున్నవాణ్ణి ఏమనాలి?

ఉపన్యాసం రాసినవాడు

1963 జనవరి 14న మాంట్‌గోమరీలో వాలెస్ ప్రమాణస్వీకారం చేశాడు. బానిసత్వం నిలబెట్టడానికి విడిపోయిన రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1861లో ప్రమాణం చేసిన చోటే తనూ నిలబడ్డానని గర్వంగా చెప్పుకున్నాడు. ఆ రోజే ప్రపంచమంతా విన్న మాట అన్నాడు: "ఇప్పుడూ సెగ్రిగేషన్, రేపూ సెగ్రిగేషన్, ఎప్పటికీ సెగ్రిగేషన్." సెగ్రిగేషన్ అంటే వేరుపెట్టడం. వేరే బడి, వేరే బస్సు సీటు, వేరే నీళ్ళ కుళాయి. రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలిసిన మనకి నిఘంటువు అవసరం లేదు.

ఆ ఉపన్యాసం రాసినవాడు ఏసా కార్టర్. సొంతంగా ఒక క్లాన్ ముఠా నడిపినవాడు. 1957లో ఆ ముఠా మనుషులు దారిన పోతున్న ఒక నల్లజాతి మనిషిని ఎత్తుకెళ్ళి అంగచ్ఛేదం చేశారు. అలాంటివాడి కలం గవర్నరు నోట్లో పలికింది.

ఈ కార్టర్ కథలో తెలుగు సాహిత్య విద్యార్థులకి పనికొచ్చే ముక్క ఒకటుంది. అతను తర్వాత ఊరు, పేరు మార్చుకుని ఫారెస్ట్ కార్టర్ అయ్యాడు. చెరోకీ ఆదివాసీ తాతా నానమ్మల దగ్గర పెరిగిన పిల్లాడి ఆత్మకథ అంటూ 1976లో 'ద ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ' ప్రచురించాడు. అతను చనిపోయిన పన్నెండేళ్ళకి, 1991లో, ఆ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ జాబితాలో నిజకథల విభాగంలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ ఏడాదే ఒక చరిత్రకారుడు రచయిత అసలు పేరు మళ్ళీ బయటపెడితే కల్పన విభాగంలోకి మార్చారు. ఊళ్ళు ఊళ్ళు కళ్ళు తుడుచుకుంటూ చదివిన 'అణగారిన పిల్లాడి గొంతు' వెనక ఉన్నది క్లాన్ మనిషి.

"మీ గురించి మీరే రాయాలా? మంచి మనసుంటే మేం రాయకూడదా?" అని తొంభైల నుంచీ మనల్ని అడుగుతున్నారు. రాయండి, ఎవరూ కలం లాక్కోరు. కానీ చదివేవాడి కన్నీళ్ళు రాసినవాడి నిజాయితీకి సర్టిఫికెట్ కాదు. నేను చెప్పేది అంతే.

సుద్దగీతల మధ్య వీరత్వం

1963 జూన్ 11. టస్కలూసాలో అలబామా యూనివర్సిటీ. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వచ్చారు. కోర్టు ఉత్తర్వు వాళ్ళ చేతిలో ఉంది. ఫాస్టర్ ఆడిటోరియం గుమ్మంలో గవర్నరు వాలెస్ అడ్డంగా నిలబడ్డాడు.

ఫోటో మీరు చూసే ఉంటారు. ఫోటోలో సరిగ్గా కనపడనిది ఒకటుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే నేల మీద సుద్దతో గీసి పెట్టారు. టీవీ కెమెరాల ముందు గవర్నరు తన ప్రకటన చదివాడు. కేంద్ర న్యాయశాఖ అధికారి కాట్జెన్‌బాక్ పక్కకి తప్పుకోమన్నాడు, తప్పుకోలేదు. కెనెడీ రాష్ట్ర నేషనల్ గార్డుని కేంద్రం అధీనంలోకి తీసుకున్నాడు. కొన్ని గంటల తర్వాత జనరల్ వచ్చి చెప్పగానే గవర్నరు తప్పుకున్నాడు. ఆ పిల్లలిద్దరూ లోపలికి వెళ్ళి పేర్లు రాయించుకున్నారు. వాలెస్ తప్పుకోవాల్సి వస్తుందని అందరికీ తెలుసు. వాలెస్‌కీ తెలుసు. అతనికి కావలసింది గెలుపు కాదు, ఫోటో.

అయితే నాటకమే కదా అని తీసిపారేయలేం. నాటకం చూసినవాళ్ళు ఇంటికెళ్ళి ఊరికే కూర్చోరు. ఆ రాత్రే, అర్ధరాత్రి దాటాక, పక్క రాష్ట్రం మిసిసిపీలో ఎన్.ఏ.ఏ.సి.పి. నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని సొంతింటి ముందు కాల్చి చంపారు. సెప్టెంబర్ 15 ఆదివారం బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్ళు, ఒకమ్మాయికి 11. బాంబు పెట్టింది వాలెస్ కాదు. కానీ ఆ మధ్యాహ్నం రాజకీయమంతా ఎవరి నోటి నుంచి మొదలైందో తెలిసిన మార్టిన్ లూథర్ కింగ్ నేరుగా గవర్నరుకే టెలిగ్రాం కొట్టాడు, మా పసిపిల్లల రక్తం నీ చేతుల మీద ఉందని.

పై నుంచి మాట విసిరేవాడు ఒకడు. కింద కత్తి దూసేవాడు ఇంకొకడు. కేసు ఎప్పుడూ రెండోవాడి మీదే. మొదటివాడికి తర్వాత ఆత్మకథ రాసుకునే తీరిక కూడా దొరుకుతుంది.

బూతు పోయింది, భావం మిగిలింది

భాష చదువుకున్న మనిషిగా వాలెస్ కెరీర్‌లో నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ భాగమే. 1964లో అతను అధ్యక్ష పదవి కోసం ఉత్తరాది ప్రైమరీల్లో దిగాడు. విస్కాన్సిన్‌లో మూడో వంతు ఓట్లు, ఇండియానాలో సుమారు 30 శాతం, మేరీల్యాండ్‌లో 40 శాతం పైనే వచ్చాయి. జాతి ద్వేషం దక్షిణాది జబ్బు అనుకున్న పెద్దమనుషులు కంగుతిన్నారు. ఫ్యాక్టరీ కార్మికులు, వలసొచ్చిన తెల్లవాళ్ళ పిల్లలు అతనికి ఓటేశారు.

ఎలా? అతను నల్లవాళ్ళ పేరెత్తడం మానేశాడు. 'రాష్ట్రాల హక్కులు' అన్నాడు. 'లా అండ్ ఆర్డర్' అన్నాడు. 'నీ ఇల్లు ఎవరికి అమ్మాలో నీ ఇష్టం' అన్నాడు. వాషింగ్టన్‌లో కూర్చుని సామాన్యుడి మీద పెత్తనం చేసే మేధావులకి సైకిలు కూడా తిన్నగా నిలబెట్టడం రాదని ఎగతాళి చేశాడు. రెండు పార్టీలకీ చిల్లరపైసంత తేడా కూడా లేదన్నాడు. నిరసనకారుడెవడైనా తన కారుకి అడ్డంగా పడుకుంటే వాడు పడుకునే ఆఖరి కారు అదే అన్నాడు. జనం ఊగిపోయారు. ఒక్క బూతు లేదు, ఒక్క జాతి పేరు లేదు. వినేవాడికి ఎవరి గురించో అర్థమైపోతుంది.

1968లో సొంతంగా మూడో పార్టీ తరఫున నిలబడితే దాదాపు కోటి ఓట్లు వచ్చాయి, 13.5 శాతం. ఐదు రాష్ట్రాలు గెలిచాడు. గెలిచింది నిక్సన్. కానీ వాలెస్ మాటలు ఎంత పనిచేస్తాయో నిక్సన్ చూశాడు, తర్వాతవాళ్ళు చూశారు. 'మీ దేశాన్ని మీకు కాకుండా చేస్తున్నారు' అని కోపంగా ఉన్న తెల్ల ఓటరుతో చెప్పి గెలిచే పద్ధతి అక్కడి నుంచి పెద్ద పార్టీల సొత్తయింది. ఈ రోజు అమెరికాలో పెద్ద పెద్ద సభల్లో వినపడే కేకల్లో ఆ పాత గొంతు నాకు స్పష్టంగా వినపడుతుంది.

మన దగ్గర ఎదురుగా కులం పేరు పెట్టి తిడితే కేసవుతుంది. అందుకని 'మెరిట్' అంటారు. 'కోటా క్యాండిడేట్' అంటారు. 'నీట్‌గా ఉండరు' అంటారు. ఇల్లు అద్దెకడిగితే 'వెజిటేరియన్సేనా' అంటారు. వాలెస్ దగ్గర నేర్చుకోలేదు వీళ్ళు, ఎవరి గురువు వాళ్ళకున్నాడు. కానీ బడి ఒకటే.

1970, 1982: రెండో లెక్క

ఈ మధ్యలో ఇంకో సంగతి. అప్పటి అలబామా చట్టం ప్రకారం గవర్నరు వరుసగా రెండోసారి నిలబడకూడదు. అందుకని 1966లో భార్య లర్లీన్‌ని నిలబెట్టి గెలిపించాడు. ఆమెకి క్యాన్సర్ అనుమానం ఉందని డాక్టరు 1961లోనే అతనికి చెప్పాడు. ఆమెకి చెప్పలేదు. 1968లో పదవిలో ఉండగానే, 41 ఏళ్ళకి ఆమె చనిపోయింది. ఇంట్లో ఆడమనిషి దగ్గర దాచినవాడు ఊరికి నిజం చెప్తాడని నేననుకోను.

ఇప్పుడు అసలు లెక్క. 1965 మార్చి 7న సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్ళని వంతెన దిగగానే వాలెస్ రాష్ట్ర పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో కొట్టారు. జాన్ లూయిస్ తల పగిలింది. టీవీలో దేశమంతా చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అలబామాలో అప్పటికి ఓటు వయసున్న నల్లవాళ్ళలో ఐదో వంతు మంది పేర్లే జాబితాలో ఉన్నాయి. రెండేళ్ళు తిరిగేసరికి సగం మంది పేర్లు ఎక్కాయి.

1970లో ఎదుటి అభ్యర్థి బ్రూవర్‌కి ఈ కొత్త నల్ల ఓటర్లు అండగా నిలిచారు. వాలెస్ ఏం చేశాడు? 'నల్లవాళ్ళ గుంపు ఓటు రాష్ట్రాన్ని ఏలబోతోంది' అని తెల్లవాళ్ళని భయపెట్టాడు. బీచ్‌లో ఒక తెల్లపిల్ల చుట్టూ ఏడుగురు నల్లకుర్రాళ్ళున్న బొమ్మతో ప్రచారం నడిచింది. అలా చావుతప్పి గెలిచాడు.

1972 మే 15న మేరీల్యాండ్ సభలో అతన్ని కాల్చారు. ఇక జీవితాంతం నడవలేకపోయాడు. ఆ ఏడాదే అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న నల్లజాతి మహిళ షిర్లీ చిజమ్ ఆస్పత్రికి వెళ్ళి పరామర్శించింది. ఆమెని సొంతవాళ్ళే తిట్టారు. అది ఆమె మనిషితనం. దాన్ని నేను తక్కువ చేయను. 1979లో వాలెస్, ఒకప్పుడు కింగ్ పాస్టరుగా ఉన్న డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చికి చక్రాల కుర్చీలో వెళ్ళి క్షమించమన్నాడు. 1982లో మళ్ళీ గవర్నరుగా నిలబడ్డాడు. ఈసారి నల్ల ఓటర్లలో అత్యధికులు అతనికే వేశారు. 1970లో రాష్ట్రానికి ప్రమాదం అని చెప్పిన అదే 'గుంపు ఓటు' 1982లో అతన్ని గెలిపించింది. గెలిచాక నల్లవాళ్ళని పెద్ద సంఖ్యలో పదవుల్లో వేశాడు.

నొప్పి మనిషిని మారుస్తుంది, కాదనను. ఇరవై ఆరేళ్ళు కుర్చీలో కూర్చున్నవాడి పశ్చాత్తాపం నిజమే కావచ్చు. కానీ 1958లో నల్లవాళ్ళకి ఓటు లేదు, వాళ్ళని వదిలేశాడు. 1982లో ఓటుంది, వాళ్ళ దగ్గరికొచ్చాడు. గుండె మారిందో లేదో దేవుడికి తెలుసు. ఓటర్ల జాబితా మారిందన్నది కాగితం మీద ఉంది. ఆ జాబితా మార్చింది వాలెస్ కన్నీళ్ళు కాదు, సెల్మా వంతెన మీద పగిలిన తలలు.

1982లో అతనికి ఓటేసిన నల్లవాళ్ళని అమాయకులనుకోకండి. ఎదురుగా ఉన్నది మాంట్‌గోమరీ మేయరు ఫోల్మర్, పోలీసు బలం అంటే పడిచచ్చే మనిషి. ఇద్దరిలో ఎవరి దగ్గర పని జరుగుతుందో చూసుకున్నారు. లెక్క వాళ్ళకీ వచ్చు. దాన్ని 'పెద్ద మనసు' అని పేరు పెట్టి మనకి నీతిపాఠంగా చదివేవాళ్ళే వాళ్ళ తెలివిని దొంగిలిస్తున్నారు.

క్షమాపణ తర్వాత ఏమైంది?

1998లో వాలెస్ చనిపోయినప్పుడు, తల పగిలిన జాన్ లూయిస్సే అతన్ని క్షమించాలని పత్రికలో రాశాడు. ఆ హక్కు లూయిస్‌కి ఉంది. దెబ్బ తిన్నవాడు క్షమిస్తాడు, క్షమించకపోతాడు, అది అతని సొత్తు. ఆ సొత్తుని డాలస్ నుంచి వచ్చిన మా పెద్దమనిషి అప్పు తెచ్చి నా మీద వాడతానంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మరి అలబామా ఏం చేసింది? నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పెళ్ళి చేసుకోకూడదన్న నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగం నుంచి తీసేద్దామా అని 2000లో ఓటింగ్ పెట్టారు. కోర్టు కొట్టేసి అప్పటికి 33 ఏళ్ళయినా, సుమారు 40 శాతం మంది ఉండనివ్వండనే ఓటేశారు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరే బడులుండాలన్న వాక్యాన్ని తీసేద్దామా అని 2004లో అడిగితే, ప్రతిపాదన రెండు వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయింది. 2012లో మళ్ళీ ఓడిపోయింది. ఆ వాక్యం పోయింది 2022లో. వాలెస్ చర్చిలో క్షమాపణ అడిగిన 43 ఏళ్ళకి. ఒక మనిషి కన్నీళ్ళు పెట్టుకోవడం తేలిక. ఒక వాక్యం కొట్టేయడం ఎంత కష్టమో చూడండి.

అసలు దెబ్బ 2013లో పడింది. ఓటు హక్కుల చట్టంలో ఉన్న ముఖ్యమైన కాపలా ఏంటంటే, పాత నేరచరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఏ రాష్ట్రాలకి ఆ షరతు వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని సుప్రీంకోర్టు 5–4 తేడాతో కొట్టేసింది. దాంతో కాపలా ఉన్నా లేనట్టే అయింది. ఆ కేసు వేసింది ఏ రాష్ట్రంలోని కౌంటీయో తెలుసా? అలబామాలోని షెల్బీ కౌంటీ. కాలం మారిపోయింది కదా, ఇంకా కాపలా ఎందుకని వాదించారు. మన రిజర్వేషన్ల గురించి ఏటా వినే వాదనే. 'గుండెలు మారాయి కాబట్టి చట్టం తీసేయండి.' క్షమ కథ చివరికి తేలే రేవు ఇదే.

తెరిచిన తలుపులోంచి వెళ్ళినవాళ్ళు

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. 1965కి ముందు అమెరికా చట్టం భారతదేశం మొత్తానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. జాతిని బట్టి మనుషుల్ని వడకట్టే ఆ పద్ధతిని 1965 అక్టోబర్ 3న వచ్చిన కొత్త వలస చట్టం తీసేసింది. సెల్మా జరిగిన ఏడాదే, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకే. నల్లవాళ్ళ పోరాటం తెచ్చిన గాలిలోనే ఆ తలుపూ తెరుచుకుంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు, తర్వాత సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు నడిచింది ఆ తలుపులోంచే. మొదట వెళ్ళినవాళ్ళు ఏ కులాలవాళ్ళో చెప్పక్కర్లేదు.

2023లో అమెరికా సుప్రీంకోర్టు యూనివర్సిటీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. ఆసియా విద్యార్థులకి అన్యాయం జరుగుతోందన్న పేరు మీద నడిచిన కేసది. నడిపించినవాడు ఎడ్వర్డ్ బ్లమ్, షెల్బీ కౌంటీ కేసు వెనకున్నదీ అతనే. ఆ రోజు నాకు తెలిసిన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సంబరాలు చూశాను. అదే ఏడాది సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలంటూ గవర్నరు వీటో చేశాడు. ఆ గ్రూపుల్లో మళ్ళీ సంబరాలు. ఎవరి నెత్తుటితో తెరుచుకున్న తలుపో ఆ తలుపులోంచి వెళ్ళి, లోపల గడియ పెట్టడానికి ఎంత తొందరో!

1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డు బోయ్స్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్ళ పరిస్థితికీ అంటరానివాళ్ళ పరిస్థితికీ ఉన్న పోలిక గురించి, వాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞాపన గురించి అడిగారు. పెద్దవాళ్ళ గుండెలు ఎప్పుడు మారతాయో అడగలేదు. విజ్ఞాపన కాపీలు కావాలన్నారు. కాగితం, చట్టం, హక్కు. బాబాసాహెబ్ అడిగే పద్ధతే అది.

ఇక గుమ్మం ముందు కారులో కూర్చుని వేచి చూసిన ఆ అమ్మాయి, వివియన్ మలోన్ సంగతి. క్షమ కథలో ఆమెకి ఒక్క వాక్యమే ఇస్తారు. 1996లో వాలెస్ కుటుంబం ఆమెకి ధైర్యసాహసాల అవార్డు ఇచ్చిందని, వాలెస్ ఆమెకి క్షమాపణ చెప్పాడని. కానీ ఆమె 1965లోనే ఆ యూనివర్సిటీ నుంచి పట్టా తీసుకుంది. అక్కడ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి ఆమే. తర్వాత కేంద్ర న్యాయశాఖలో పౌరహక్కుల విభాగంలో పనిచేసింది. అట్లాంటాలో 'వోటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్'కి డైరెక్టరుగా ఉండి, దక్షిణాదిలో నల్లవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోకి ఎక్కించే పని చూసింది.

వాలెస్ తన గుండె సంగతి తను చూసుకున్నాడు. వివియన్ మలోన్ ఓటర్ల జాబితా చూసుకుంది. మన పిల్లలకి ఎవరి కథ చెప్పాలో ఇప్పుడు మీరే నిర్ణయించుకోండి.

వచ్చే భాగంలో షిర్లీ చిజమ్ గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.